రీకౌంటింగుకు తెచ్చిన సొమ్ము

మా చుట్టాల్లో నాకొక హోదా ఉంది. పాసుబుక్కులో పేరు తప్పు పడినా, కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా, ఇంటర్‌లో పిల్లాడికి ఏ గ్రూపు ఇప్పించాలన్నా "మామనడుగు" అంటారు. మామకు తెలుసా లేదా అని ఎవరూ ఆలోచించరు. మామ అసలే ఆలోచించడు. రోజూ పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదువుతాను, చదివింది నలుగురిలో చెప్తాను, ఆ నలుగురూ నమ్ముతారు. ఏళ్ల తరబడి ఈ బండి సాఫీగానే నడిచింది. దాన్ని గుంటలోకి దింపింది ఒక అంకె. 47,200.

ఎన్నికలంటే నాకు మరీ పిచ్చి. 1989లో అనకాపల్లి పార్లమెంటు సీటును కొణతాల రామకృష్ణ తొమ్మిది ఓట్లతో గెలిచారనీ, 2008లో రాజస్థాన్ నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడారనీ, 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్ల మీద తేలిందనీ పెళ్లి భోజనాల్లో పక్కవాడికి చెప్పేవాణ్ణి. అతగాడు అప్పడం విరుచుకుంటూ ఊఁ కొట్టేవాడు. ఆ వరసలోనే ఈ 47,200 కూడా నా నోటికెక్కింది.

దాని పుట్టుక ఇది. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టులో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా ఈవీఎంల కేసులో తీర్పు చెప్పారు. మళ్లీ బ్యాలెట్ పేపర్లకు పోవడం కుదరదన్నారు. వీవీప్యాట్ చీటీలన్నీ లెక్కపెట్టాలన్న కోరికనూ తోసిపుచ్చారు. ఒక్క వెసులుబాటు మాత్రం ఇచ్చారు. రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో నిలిచిన అభ్యర్థి, ఫలితం వచ్చిన ఏడు రోజుల్లోగా రాసి ఇస్తే, ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటులో ఐదు శాతం యంత్రాల మెమరీని వాటిని తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు పరీక్షించాలి. ఖర్చు అడిగినవాళ్లదే. యంత్రంలో మోసం బయటపడితే డబ్బు వాపసు. ఆ ఖర్చు ఒక్కో యంత్రాల సెట్టుకు 40,000 రూపాయలని ఎన్నికల సంఘం తేల్చింది. దాని మీద 18 శాతం జీఎస్టీ. అనుమానానికి కూడా జీఎస్టీ పడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఏడాది ఒంగోలులో ఓడిపోయిన బాలినేని శ్రీనివాసరెడ్డి పన్నెండు పోలింగ్ కేంద్రాల యంత్రాలను పరీక్షించమని డబ్బు కట్టారు. లెక్క వేస్తే 5,66,400 రూపాయలు. విజయనగరం పార్లమెంటుకు బెల్లాన చంద్రశేఖర్, ఇటు జహీరాబాద్‌కు బి.బి. పాటిల్ కూడా దరఖాస్తు పెట్టారు. తీరా అధికారులు పడిన ఓట్లను చూపించకుండా, మాక్ పోలింగ్ జరిపి యంత్రం సరిగ్గా ఉందో లేదో చూపిస్తామనేసరికి, ఇదేం పరీక్ష అని బాలినేని హైకోర్టుకెక్కారు. ఇదంతా నేను పూసగుచ్చినట్టు చెప్పగలను, చెప్పాను కూడా. నా బుర్రకెక్కనిదల్లా ఒక్కటే. ఇది రీకౌంటింగ్ కాదు. యంత్రాన్ని విప్పి చూడడం వేరు, ఓట్లు మళ్లీ లెక్కపెట్టడం వేరు. నాలో మాత్రం ఆ రెండూ కలగలిసిపోయి, ఓట్లు మళ్లీ చూడాలంటే 47,200 అని స్థిరపడిపోయింది.

2025 డిసెంబరులో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా ఊరి సర్పంచి పదవి మహిళకు రిజర్వయింది. మా అక్క కూతురు నిలబడింది. గుర్తు కత్తెర. ఎదుటి ఆమెది ఉంగరం. పొద్దున ఏడింటి నుంచి ఒంటిగంట దాకా పోలింగు, రెండు దాటాక లెక్కింపు, రెండూ ఊరి బడిలోనే. కౌంటింగ్ ఏజెంటుగా ఎవరు కూచోవాలన్న చర్చే రాలేదు. ఇంకెవరు, మామ ఉన్నాడుగా.

పంచాయతీ ఎన్నికల్లో ఈవీఎం ఉండదు. ఆ ముక్క నాకెవరూ చెప్పనక్కర్లేదు, కళ్లెదుటే కనిపిస్తోంది. పెట్టె తెరిచి కాగితాలు బల్ల మీద కుమ్మరించారు. వార్డు మెంబరువి తెల్లవి, సర్పంచివి గులాబీవి. రంగులు వేరు చేశారు, ఇరవై అయిదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండ్లు వేశారు. ముందు వార్డులు తేల్చి, తర్వాత గులాబీ కట్టలు విప్పారు. ఆ గులాబీ కాగితాల మధ్య కూచుని కూడా నా మనసులో యంత్రం ధరే తిరుగుతోందంటే ఇక నన్నేమనాలి.

అనుమానం రావడానికి కారణం లేకపోలేదు. మన వాళ్లు ముద్ర వేసి, సిరా ఆరకుండానే కాగితం మడిచేస్తారు. దాంతో కత్తెర మీద వేసిన గుర్తు అవతలి గడిలోకి కూడా అంటుకుంటుంది. చూడ్డానికి ఇద్దరికీ ఓటు వేసినట్టే ఉంటుంది. కానీ అంటుకున్న ముద్ర తిరగబడి ఉంటుంది, అద్దంలో చూసినట్టు. ఆ తేడా కనిపెట్టి, అసలు ముద్ర ఎటుందో అటు ఓటు లెక్కించాలి. రెండు చోట్లా విడివిడిగా వేస్తేనే చెల్లదు. అధికారి మొదట్లో ఒక్కో కాగితాన్ని ట్యూబులైటు కిందికి ఎత్తి, ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. పొద్దుగూకాక, సిబ్బందికి చలి పట్టాక, ఆ ఎత్తడాలు తగ్గాయి. చెల్లని ఓట్ల ట్రేలో పడినవాటిలో రెండు మూడు కాగితాల మీద ముద్ర తిరగబడి ఉండడం నేను చూశాను. చూసి తల ఊపాను. నోరు మాత్రం విప్పలేదు. ముందు లెక్క తేలనీ, అప్పుడు చూద్దాం, మన దగ్గర చట్టం ఉంది అనుకున్నాను.

లెక్క తేలింది. ఏడు ఓట్లతో ఉంగరం.

మా పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "మామా, ఏడే ఓట్లట. మల్లొకసారి లెక్కవెట్టమని అడుగుదామా?"

"ఉత్తగ అడుగుడు గాదు బిడ్డా. పైసలు గట్టాలె. నలభై ఏడు వేల రెండు వందలు, జీఎస్టీతోని."

ఆ "జీఎస్టీతోని" దగ్గర నా గొంతు ఎంత ధీమాగా పలికిందో! పిల్ల నోరు తెరిచి చూసింది. అంత సొమ్ము లేదు. ఉన్నదంతా ఆ పదిహేను రోజుల్లో ఎటు పోయిందో ఎన్నికల్లో దిగిన ఏ ఇంటినడిగినా చెప్తారు. "నువ్వీడనే ఉండు, నేను దెస్త" అని లేచాను. అధికారి నాకు మూడడుగుల దూరంలో ఉన్నాడు. మెడలో మఫ్లరు, ముందు ఫారాలు. "సార్, రీకౌంటింగుకు ఎంత కట్టాలి?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. ఏజెంటుగా వచ్చి కూచుని ఈ మాత్రం తెలియదా అనుకుంటాడేమోనని. నా మూర్ఖత్వాలన్నిట్లోకీ పెద్దది అదే. తప్పు తెలిసి ఉండడం కన్నా, తప్పు అవునో కాదో అడగడానికి సిగ్గుపడడం.

ఆ వేళప్పుడు మా ఊళ్లో అంత నగదు దొరికే చోటు ఎరువుల కొట్టొక్కటే. కొట్టు యజమాని గెలిచిన ఆమె భర్తకు సొంత అన్న. నాకు తెలియదా అంటే తెలుసు. అప్పుకూ పార్టీకీ సంబంధమేముంది అనుకున్నాను. పైగా అతను ఎప్పుడూ "సారూ" అంటూ మర్యాదగా మాట్లాడతాడు.

"గిప్పుడు పైసలెందుకు సారూ?"

"రీకౌంటింగుకు గట్టాలె."

అతను నా మొహంలోకి ఒకసారి చూశాడు. "అట్లనా! కట్టాలంటే కట్టాల్సిందే మరి" అని గల్లాపెట్టె లాగాడు. అయిదొందల నోట్లు తీశాడు. నీళ్లలో నానిన స్పాంజికి వేలు అద్ది ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ముప్పై దాటాక ఎవరికో ఫోను చేసి "ఆ, ఈడనే ఉన్నడు" అన్నాడు. ఎన్నిటి దగ్గర ఆపాడో మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మధ్యలో చాయ్ తెప్పించాడు. వద్దంటే బాగుండదని తాగాను. తొంభై నాలుగు అయిదొందల కాగితాలు, పైన రెండొందల నోటు ఒకటి. "ఇంకోసారి చూస్త సారూ, పైసల కాడ తప్పు జరుగద్దు" అని మొత్తం ఇంకోసారి లెక్కపెట్టాడు. ఎంత జాగ్రత్తపరుడో అని మెచ్చుకున్నాను కూడా. ఆ రాత్రి ఊళ్లో రీకౌంటింగంటూ జరిగింది అక్కడే.

యూరియా కంపెనీ కవరులో నోట్లు పెట్టుకుని బడి గేటు దగ్గరికి పరుగెత్తాను. కానిస్టేబుల్ ఆపాడు. కవరు విప్పి చూశాడు. ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్లూ 50,000 దాటిన నగదుకు కాగితాలు చూపించకపోతే పట్టుకుంటారు. నాది 2,800 తక్కువ కాబట్టి బతికిపోయాను. కానీ అతను వదిలితేగా. "ఓట్లు వడుడు అయిపోయె, లెక్కవెట్టుడు అయిపోయె. ఇంగ ఎవలకు పంచుతవ్ సారూ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వుల వెనకాల డప్పులు వినిపించాయి. ఉంగరం వాళ్లవి.

నేను లేనప్పుడు జరిగింది పిల్ల తర్వాత చెప్పింది. ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పమని అధికారి అడిగాడు. "మా మామ వస్తున్నడు సార్, జెర ఆగండి" అంది. ఆయన ఆగాడు. మళ్లీ అడిగాడు. అదే జవాబు. అవతల ఉపసర్పంచి ఎన్నిక కూడా ఆ రాత్రే జరగాలి, ఆ తర్వాత పెట్టెలు, కాగితాలు సీలు వేసి మండల ఆఫీసులో అప్పగించాలి. వ్యాను డ్రైవరు హారను కొడుతున్నాడు. ఆయన ఫారం మీద సంతకం చేశాడు, ఫలితం చదివాడు.

కవరు ఆయన ముందు పెట్టాను. ఆయన భయపడిపోయి కుర్చీ వెనక్కి జరిపాడు. లంచమనుకున్నాడు పాపం. విషయం చెప్పాక కాసేపు మాట్లాడలేదు. "పైసలెందుకు సార్? ఏ కారణంతోని అడుగుతున్నరో తెల్లకాయితం మీద రాసి, సంతకం వెట్టి ఇస్తే అయిపోతుండె. ఆ తిరగబడ్డ ముద్రలు నాకు జూపెడితే నేనే జూస్తుంటి. ఇప్పుడు సంతకం జేసిన, నా చేతుల ఏం లేదు."

తెల్లకాగితం. బడిలో! పక్క గది నిండా నోటు పుస్తకాలే.

ఆ తర్వాత కొన్నాళ్లు నేను చేసిన పని, రీకౌంటింగు ఖర్చు ఎక్కడ ఎవరు పెట్టుకుంటారో చదవడం. ముందు చదవాల్సింది తర్వాత చదివాను, అంతే తేడా. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు 1961 నాటి నియమాల్లో 63వది ఉంది. లెక్క పూర్తయ్యాక అభ్యర్థి గానీ, ఆయన లేకపోతే ఏజెంటు గానీ, కారణాలు రాసి రీకౌంటింగ్ అడగొచ్చు. మొత్తమైనా సరే, కొంత భాగమైనా సరే. రుసుము మాటే లేదు. అడిగేందుకు తగినంత వ్యవధి ఇవ్వకుండా అధికారి ముందుకు పోకూడదు. కారణాల్లో పస లేదనుకుంటే తోసిపుచ్చవచ్చు, అయితే ఎందుకు తోసిపుచ్చాడో రాయాలి. ఫలితాల పత్రం మీద సంతకం పడిందా, ఇక ఆ తలుపు మూసినట్టే. ఖర్చు విడిగా ఎవరూ కట్టరు. సిబ్బంది అక్కడే ఉంటారు, లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఇంకో రెండు గంటల నిద్ర పోతుంది, అదీ ప్రభుత్వ ఖాతాలోనే.

సంతకం తర్వాత మాత్రం ప్రతి అడుగుకూ డబ్బే. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికైతే 45 రోజుల్లో హైకోర్టుకు వెళ్లాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం కట్టాల్సిన సెక్యూరిటీ డిపాజిట్టు ఎంతో తెలుసా? రెండు వేల రూపాయలు. అది చదివి నవ్వొచ్చింది. ఆ రెండు వేలతో మొదలైన కేసు ఎన్నాళ్లు సాగుతుందో మన ధర్మపురినే చూడొచ్చు. 2018లో అక్కడ కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతో గెలిచారు. ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ కోర్టుకెళ్లారు. 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్‌రూం తెరవబోతే తాళంచెవులే కనపడలేదు. చివరికి తాళం పగలగొట్టాల్సి వచ్చింది. అప్పటికి అయిదేళ్ల పదవీకాలం ముగింపుకొచ్చింది, వచ్చిన ఎన్నికల్లో లక్ష్మణ్ కుమారే గెలిచారు. కేరళ మంజేశ్వరంలో 2016లో 89 ఓట్లతో ఓడిన కె. సురేంద్రన్ కూడా అలాగే కేసు వేశారు. ఆఖరికి పిటిషన్ వెనక్కి తీసుకుంటుంటే, ఓటింగ్ యంత్రాలను మోసిన రవాణా ఖర్చు 42,000 రూపాయలు ఆయన నెత్తిన పడింది. నా అంకెకు ఎంత దగ్గరగా ఉందో చూడండి!

అమెరికాలో ఈ డబ్బు సంగతి ఇంకా బాహాటం. విస్కాన్సిన్‌లో తేడా పావు శాతం లోపల ఉంటే లెక్క ఉచితం, దాటితే అడిగినవాళ్లే ముందు డబ్బు కట్టాలి. 2016లో గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టయిన్ జనం దగ్గర చందాలు పోగుచేసి సుమారు 35 లక్షల డాలర్లు కట్టారు. రాష్ట్రమంతా మళ్లీ లెక్కపెడితే ట్రంప్ ఆధిక్యం 131 ఓట్లు పెరిగింది. నాలుగేళ్ల తర్వాత అదే రాష్ట్రంలో ఓడిన ట్రంప్ వంతు వచ్చింది. రెండే రెండు కౌంటీలకు 30 లక్షల డాలర్లు కట్టి లెక్కపెట్టిస్తే, బైడెన్‌కు 87 ఓట్లు కలిశాయి. సొమ్ము పెట్టి ఎదుటివాడి మెజారిటీ పెంచిన వీళ్ల గురించి చదువుతుంటే, నా కవరు నాకు అంత బరువనిపించలేదు.

అయితే ఒక కథ మాత్రం నా నిద్ర చెడగొట్టింది. 2004లో వాషింగ్టన్ రాష్ట్ర గవర్నరు ఎన్నిక. మొదటి లెక్కలో డినో రాసీ 261 ఓట్లతో ముందున్నారు. యంత్రాలతో మళ్లీ లెక్కపెడితే తేడా 42కు దిగింది. అప్పుడు క్రిస్టీన్ గ్రెగ్వార్ తరఫున డెమోక్రటిక్ పార్టీ 7,30,000 డాలర్లు కట్టి చేతులతో లెక్కించమంది. ఈసారి ఆమె 129 ఓట్లతో గెలిచారు. ఫలితం తిరగబడింది కాబట్టి డబ్బు వాపసొచ్చింది. అంటే మళ్లీ లెక్కపెడితే ఫలితం మారడం ఎక్కడో అక్కడ జరుగుతుంది. చెల్లని ట్రేలో నేను చూసిన ఆ రెండు మూడు కాగితాలు ఏడు ఓట్ల తేడాను పూడ్చేవి కావు, ఆ మాట నాకూ తెలుసు. కానీ నేను చూడనివి ఎన్నున్నాయో?

నా మాట ఎవరడిగారు గానీ, చెప్పేస్తాను. తేడా మరీ తక్కువగా ఉంటే ఎవరూ అడగకుండానే, ఎవరూ కట్టకుండానే లెక్క మళ్లీ జరగాలి. ఫ్లోరిడాలో అర శాతం లోపల ఉంటే అలాగే జరుగుతుంది. గెలిచినవాడికి నామోషీ ఉండదు, ఓడినవాడికి అనుమానం మిగలదు. మన దగ్గర అడగడం ఉచితమే గానీ, అడిగే తెలివి ఓడినవాడికి ఆ పది నిమిషాల్లో ఉండాలి. ఇంట్లో చదువుకున్నవాడు ఒకడుంటే ఆ తెలివి కూడా దక్కదని మా పిల్లకు తెలిసొచ్చింది. పెద్ద తేడాతో ఓడి, అయినా యంత్రం మీదే అనుమానం అంటే, అప్పుడు ఖర్చు అడిగినవాడిదే కావడంలో నాకు తప్పు కనిపించదు. జీఎస్టీ మాత్రం తీసేయాలి.

అల్లుడు ఎన్నికల ట్రిబ్యునల్‌కు పోదామన్నాడు. ఖర్చెంతవుతుందో నన్నడగలేదు. నా ముందే వకీలుకు ఫోను చేసి కనుక్కున్నాడు. పిల్ల వద్దంది. ఊళ్లో మొహాలు చూసుకోవాలి గదా అంది. నామీద కోపం ఉంటే బాగుండేది. "మామ పాపం పరుగెత్తిండు" అని అందరికీ చెప్తోంది.

సొమ్ము వాడనే లేదు కాబట్టి మర్నాడే తిరిగిచ్చేద్దామని ఎరువుల కొట్టుకు వెళ్లాను. అతని మెడ మీద ఇంకా గులాల్ ఉంది. కవరు అందుకుని, స్పాంజికి వేలద్ది, తీరిగ్గా లెక్కపెట్టాడు. "సారూ, అయిదొందలు తక్కువున్నయ్" అన్నాడు. కవరు ముడి నేను విప్పలేదు. గేటు దగ్గర కానిస్టేబుల్ పైపైన చూసి ఇచ్చేశాడు. మళ్లీ లెక్కపెట్టమని అడగబోయి, ఆ కొట్టు ముందు బెంచీ మీద కూచున్నవాళ్ల మొహాలు చూసి, జేబులోంచి అయిదొందలు తీసిచ్చాను.